ఎడమ పక్క సినిమా హాలు

"తాళం ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

"ఇవ్వవా?"

"ఇవ్వనన్నానుగా!"

ఆయన చెయ్యి చాచి నిలబడే ఉన్నారు. నేను వంటగది గట్టుకి వీపు ఆనించి, కారు తాళం గుప్పిట్లో బిగించుకున్నాను. దాని పళ్ళు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. స్టవ్వు మీద టీ పొంగింది. ఇద్దరం చూశాం. ఇద్దరం కదల్లేదు.

నిన్న సాయంత్రం మొదలైన గొడవ ఇది. కారు లోపలికి తెస్తూ మా బిల్డింగు గేటు స్తంభానికి ఎడమ సైడు అద్దం కొట్టేశారు. అద్దం తీగ పట్టుకుని వేలాడింది. స్తంభం పక్కకి జరిగిందన్నారు. మేం ఈ ఇంట్లో దిగినప్పట్నుంచి అక్కడే పాతుకుని ఉన్న స్తంభం, సరిగ్గా నిన్ననే పక్కకి జరిగిందట.

"విమానం దిగే టైమవుతోంది. కారు మాట్లాడుకున్నవాళ్ళు నన్ను నమ్ముకుని వస్తున్నారు. చంటిపిల్లతో దిగుతున్నారు పాపం," అన్నారు.

ఆ చంటిపిల్ల మాట వినగానే నా గుప్పిట ఇంకా బిగిసింది.

"మీ ఎడమ కంటికి ఏదో అయింది. డాక్టరుకి చూపించుకున్నాకే కారు."

"మొదలెట్టింది సైరను."

మా ఇంట్లో నా పేరు సైరను. ఆయన పెట్టిందే. ఆయన్ని టాక్సీ స్టాండులో కెప్టెన్ అంటారు. కారెక్కిన వాళ్ళకి విమానంలో చెప్పినట్టు స్వాగతం చెప్పి, ఊరంతా పరిచయం చేసుకుంటూ తీసుకొస్తారని. ఆయనకి ఊరంతా మర్యాద పేరు పెట్టింది, నాకు ఆయన సైరను పెట్టారు. నా రాత!

అమ్మాయి గదిలోంచి వచ్చింది, నారింజ రంగు కోటుకి బొత్తాలు పెట్టుకుంటూ. ఆ కోటు కనపడగానే ఆయన మొహం గోడవైపు తిప్పేసుకున్నారు.

"అమ్మా, సైడు అద్దం లేకుండా కారు తీస్తే పోలీసులు ఆపుతారని నాన్నకి చెప్పు."

నాన్న రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"ప్లాస్టరు వేసి అతికించానని మీ రైలమ్మకి చెప్పు," అన్నారాయన గోడతో.

"ప్లాస్టరు వేస్తే అతికేది దెబ్బలమ్మా, అద్దాలు కాదు."

"కారు సంగతి కారు వాళ్ళకి తెలుసని చెప్పవే!"

"నేను పోస్టాఫీసునా?" అని అరిచాను. "మీ ఇద్దరికీ నోళ్ళు లేవా?"

లేవు. పోయిన వానాకాలం నుంచి లేవు. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి రైలు వేశాక టాక్సీల వాళ్ళకి గిరాకీ పడిపోయింది. ఆ రైలు కౌంటర్లోనే మా అమ్మాయి ఉద్యోగంలో చేరింది. విమానం దిగి దిక్కులు చూసేవాళ్ళకి ఊరి గురించి నాలుగు ముక్కలు చెప్పి రైలెక్కించడం దాని పని. ఆ దిక్కులు చూసేవాళ్ళనే కారెక్కించడం ఈయన పని. తండ్రీ కూతుళ్ళు ఒకే గుమ్మం ముందు ఒకే మనుషుల కోసం కాచుకుని నిలబడతారు. సొంత కూతురే నా కారు ఖాళీ చేస్తోందని ఈయన బాధ. నేను చేసేదీ నువ్వు చేసేదీ ఒకటే కదా నాన్నా అని అది ఆ మొదటి రోజే అంది. ఆ తర్వాత మాటల్లేవు.

అమ్మాయిని వంటగదిలోకి లాగి గుసగుసగా చెప్పాను.

"గ్లాసు పక్కన నీళ్ళు పోస్తున్నారే. తలుపు అంచుకి ఎడమ భుజమే కొట్టుకుంటున్నారు. ఆ పక్కన కూర్చుని పిలిస్తే ఉలిక్కిపడుతున్నారు. నా మాట నమ్మవే."

అది నా భుజం మీద చెయ్యేసింది. అలా చెయ్యేసిందంటే నమ్మలేదని అర్థం.

"అమ్మా, లిఫ్టు తీగ తెగిపోతుందని నెలరోజులు మెట్లెక్కించావు. పక్కింటి తాతయ్య పోయాడని అంబులెన్సు పిలిచావు."

"పిలిస్తే పలకలేదే ఆయన!"

"చెవి మిషను తీసి పడుకున్నాడమ్మా. అంబులెన్సు వాళ్ళు లేపితే జడుసుకుని నిజంగానే పోయేవాడు. నేను లైసెన్సు తెచ్చుకున్న రోజు ఏం చేశావ్? నేను లారీ కింద పడినట్టు కలొచ్చిందని ఆ కార్డు బీరువాలో పెట్టి తాళం వేశావు. ఇంతవరకు నన్ను రోడ్డెక్కనిచ్చావా?"

"అది వేరు."

"అన్నీ వేరే నీకు." బ్యాగు తగిలించుకుంది. "సాయంత్రం వచ్చి మాట్లాడతా. రైలుకి టైమైంది."

అది వెళ్ళిపోయింది. నిజమే, నేను జరగనివన్నీ చెప్తాను. వందసార్లు చెప్పి ఒక్కసారీ జరగకపోతే నూటొకటోసారి ఎవరు నమ్ముతారు? నన్ను నేనే నమ్మను. కానీ ఈసారి కల రాలేదు నాకు. కళ్ళతో చూశాను.

బయటికొచ్చి తాళం ఆయన చేతిలో పెట్టాను. ఆయన నవ్వబోయారు.

"నేనూ వస్తున్నాను," అన్నాను.

"ఎక్కడికి?"

"ఎయిర్‌పోర్టుకి. ముందు సీట్లో, మీ పక్కన. ఏమీ జరక్కపోతే ఏడాది పాటు ఈ సైరను మోగదు. ఒట్టు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఏడాది నిశ్శబ్దమంటే మాటలా!

"చెప్పులేసుకో," అన్నారు.

* * *

కారు మెయిన్ రోడ్డు ఎక్కేసరికి నా ఒళ్ళంతా చెమట. ఒక చేత్తో తలుపు పిడి పట్టుకున్నాను. ఆయన హాయిగా కూనిరాగం తీస్తున్నారు. ఎడమ అద్దానికి చుట్టిన ప్లాస్టరు కొస గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"నేను కొత్తగా దిగిన మనిషిననుకోండి. మీ కారెక్కేవాళ్ళకి చెప్పినట్టే నాకూ ఊరు చూపించండి," అన్నాను.

ఆయన మొహం వెలిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఉద్యోగం చూపించమని నేను అడగడం ఇదే. గొంతు సవరించుకున్నారు. మనిషే మారిపోయారు.

"ఈ ఊరికి స్వాగతమమ్మా. ఈ ఊరికి ఒక భాష లేదు. నాలుగున్నాయి. ఎవరింట్లో వాళ్ళ భాష, బజార్లో మాత్రం అందరి భాషా. కూరలమ్మే ఆవిడ ఒక భాషలో ధర చెప్పి, ఇంకో భాషలో తగ్గిస్తుంది. దారి అడగడానికి మొహమాటపడొద్దు. ఇక్కడ అందరూ ఎప్పుడో ఒకప్పుడు దారి అడిగినవాళ్ళే. అందుకే దారి చెప్పడమంటే అందరికీ సరదా."

ఎంత బాగా చెప్పారు! ఒక్క క్షణం కన్ను సంగతి మర్చిపోయాను. కుడి పక్కన ఓడరేవు క్రేన్లు చూపించారు, ఓడల్లో వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్ళ వీధి చూపించారు. ఆ వీధిలో బట్టలు కుట్టేవాళ్ళదొక భాష, గడియారాలు బాగుచేసేవాళ్ళదొక భాష. సంబంధాలు కలుపుకుని కలుపుకుని ఇప్పుడు వాళ్ళ పిల్లలు రెండూ కలిపి తిట్టుకుంటున్నారట. నాకు నవ్వొచ్చింది. కుడి పక్కనున్న ప్రతిదీ ఉన్నది ఉన్నట్టు చెప్పారు. రేవు గోడకి నిన్న పట్టించిన నీలం రంగుతో సహా.

"ఇక ఎడమ పక్క చూడమ్మా. ఊళ్ళో మొట్టమొదటి సినిమా హాలు. పైన రంగుల గాజుల కిటికీ. బోర్డు మీద నాలుగు భాషల్లో పేరు. సాయంత్రం ఎండ ఆ గాజు మీద పడితే రోడ్డంతా ఎర్రగా, పచ్చగా..."

నేను ఎడమ పక్క చూశాను.

రేకులు. మనిషి ఎత్తుకి రెట్టింపు రేకులు, వాటి వెనక ఖాళీ ఆకాశం. రేకుల పైనుంచి మట్టి తవ్వే మిషను చెయ్యి ఒకటి లేచి కనపడుతోంది. హాలు పోయినవారమే పడగొట్టారు. ఆ దుమ్ముకి మా వీధి వరకు బట్టలు ఆరేసుకోలేకపోయాం. ఈయన రోజూ దీని పక్క నుంచే తిరుగుతారు. వెళ్ళే రోడ్డూ వచ్చే రోడ్డూ దానికి చెరో వైపు, ఎటెళ్ళినా అది ఎడమ చేతికే.

నా నోరు తెరుచుకుంది. మళ్ళీ మూసుకున్నాను. అలవాటు కొద్దీ చెప్తున్నారేమో. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం కదా, నోరు దానంతట అదే వాగేస్తుందేమో. ఒక్కదాంతో తేల్చెయ్యకూడదు. నన్ను నమ్మని వాళ్ళ ముందు నేను తొందరపడకూడదు.

ఒళ్ళో ఉన్న నీళ్ళ సీసా తీశాను. మెల్లగా ఆయన ఎడమ చెంప పక్కకి పట్టుకున్నాను. జానెడు దూరం. స్టీరింగు తిప్పితే మోచేతికి తగిలేంత దగ్గర.

ఆయన రోడ్డు చూస్తూ నడుపుతున్నారు. కూనిరాగం మళ్ళీ మొదలైంది. నా చెయ్యి లాగేస్తోంది. సీసాలో నీళ్ళు తళతళ మెరుస్తున్నాయి. ఆ మెరుపు ఆయన చెంప మీదే ఆడుతోంది. కనురెప్ప వాల్చలేదు మనిషి.

కాసేపటికి పెదాలు తడుపుకుని అన్నారు:

"దాహంగా ఉందే. నీళ్ళేమైనా తెచ్చావా?"

నేను అరవలేదు.

చీమ కుట్టినా అరిచే మనిషిని. కానీ ఇప్పుడు అరిస్తే ఆయన ఉలిక్కిపడతారు, ఆయన ఉలిక్కిపడితే కారు ఎటు పోతుందో. సీసా వెనక్కి తీసుకున్నాను.

"ఎర్ర లైటు దగ్గర ఇస్తా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

అక్కణ్ణుంచి నేనే చూశాను ఆ పక్కంతా. "బస్సొస్తోంది, కాస్త ఆగండి." "స్కూటరు వాడు దూరుతున్నాడు." "ఎవరో దాటుతున్నారు."

"నువ్వు నడుపుతావా పోనీ?" అని విసుక్కున్నారు.

విసుక్కోండి. ఎంతైనా విసుక్కోండి. చేరితే చాలు.

* * *

ఎయిర్‌పోర్టు అంటే విమానాలు కనపడతాయనుకున్నాను. మనుషులే కనపడ్డారు. గాజు తలుపులు విడివడినప్పుడల్లా పెట్టెలతో గుంపు బయట పడుతోంది. తలగుడ్డలు, టోపీలు, ముసుగులు, సూట్లు. ప్రతి ఒక్కరి మొహంలోనూ ఒకటే ప్రశ్న, ఇప్పుడెటు పోవాలని.

గడ్డం డ్రైవరొకాయన తన భాషలో "కెప్టెన్!" అని కేకేసి ఇంకేదో అన్నాడు. ఈయన అదే భాషలో తిరిగి ఏదో అంటే స్టాండంతా నవ్వింది. నా గురించే అయ్యుంటుంది.

తలుపులకి అవతల, అంత దూరం నుంచి కూడా, నారింజ కోటు కనపడింది. మా అమ్మాయి. ఒక ముసలాయనకి వంగి ఏదో చూపిస్తోంది.

ఇంతలో వచ్చారు వాళ్ళు. పాతికేళ్ళు కూడా ఉండవు ఇద్దరికీ. అతను ట్రాలీ తోస్తున్నాడు, ఆ పిల్ల చంటిదాన్ని గుండెకి కట్టుకుంది. చంటిది నిద్రపోతోంది. నోటి చివర పాలచుక్క.

"స్వాగతం, స్వాగతం," అంటూ ఈయన వాళ్ళ భాషలో ఎదురెళ్ళారు. కుడి చేత్తో పెట్టె అందుకున్నారు. డిక్కీ తెరిచారు. తాళం డిక్కీకే ఉంది.

నేను ఆ తాళం లాగేశాను.

"ఈ కారు ఇవాళ రాదు," అన్నాను.

ముందు మన మాటలో అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదని, బజార్లో నేర్చుకున్న రెండో భాషలో, మూడో భాషలో అన్నాను. నాకొచ్చిన ముక్కల్లో రాదు, లేదు, వద్దు బాగా వచ్చు. బేరాలాడే మనిషిని కదా.

"నీకేమైనా పిచ్చా?" ఆయన మొహం ఎర్రబడింది. "నలుగురిలో ఏమిటిది?"

"నలుగురిలో కాకపోతే ఇంట్లో వింటారా?"

"తాళం ఇవ్వు."

"సినిమా హాలు లేదండీ."

"ఏమిటి?"

"పడగొట్టారు. రేకులు కట్టారు. ఆకాశం తప్ప ఏమీ లేదక్కడ."

ఆయన తడబడ్డారు. ఒక్క క్షణమే.

"నాకు తెలుసు. ఊరికే పాతది చెప్పానంతే. హాలు గురించి చెప్పకపోతే ఇక నేను చెప్పేదేముంది?"

"నీళ్ళ సీసా మీ చెంప పక్కనే పట్టుకున్నాను. రేవు దాటిన దగ్గర్నుంచి. మీరు నీళ్ళు తెచ్చావా అని అడిగారు."

స్టాండులో నవ్వులు ఆగిపోయాయి. మా మాటలు అందరికీ అర్థమయ్యాయో లేదో, ఆయన మొహం మాత్రం అర్థమైనట్టుంది. గడ్డం డ్రైవరు తల దించుకున్నాడు.

నేను ట్రాలీ పట్టుకున్నాను. "రామ్మా," అన్నాను ఆ పిల్లతో. చంటిదాన్ని చూపించి, నారింజ కోటు వైపు చూపించాను. తల్లి తల్లిని నమ్ముతుంది, భాష అక్కర్లేదు. నా వెనకే వచ్చింది.

"నా పొట్ట మీద కొడుతున్నావే!" వెనక నుంచి వినపడింది. అరుపు కాదు, అదే అరిచుంటే బాగుండేది. ట్రాలీ ఆపలేదు. ఆయన ప్రయాణికుల్ని ఆయన కళ్ళ ముందే రైలు కౌంటరుకి తోసుకుపోతున్నాను. ఈ జన్మకి క్షమించరు. క్షమించకపోయినా ఫరవాలేదు. ఆ చంటిది కారెక్కకూడదు.

అమ్మాయి నన్ను చూసి నోరు తెరిచింది. "అమ్మా? నువ్విక్కడ..."

"ముందు వీళ్ళని పంపించు."

అది నన్ను, ట్రాలీని, తలుపుల అవతల కారుని చూసింది. ఆ జంట వైపు తిరిగి, వాళ్ళ భాషలోనే మొదలుపెట్టింది. నాకా భాష సగమే వచ్చు. కానీ సగం చాలు. ఈ ఊరికి ఒక భాష లేదు, నాలుగున్నాయి. దారి అడగడానికి మొహమాటపడొద్దు. ఇక్కడ అందరూ ఎప్పుడో ఒకప్పుడు...

ఒక్క ముక్క మారలేదు. చేతులు తిప్పడం కూడా ఆయనదే. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో తండ్రి పక్క సీట్లో కూర్చుని తిరిగిన పిల్ల మరి.

"ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోండి," అంటోంది. "రంగుల గాజుల సినిమా హాలొకటి ఉండేది. ఇప్పుడు లేదు. కానీ ఆ చోటు చూడండి."

నా వెనక ఎవరో ఊపిరి బరువుగా వదిలారు. తిరిగి చూస్తే ఆయనే. ఎప్పుడొచ్చారో, వరసలో నిలబడి ఉన్నారు, ముందు ముసలావిడ, వెనక టోపీ అబ్బాయి. తన వంతు కోసం, కొత్తగా ఊళ్ళో దిగిన వాడిలా.

ఆ జంట వెళ్ళారు. ముసలావిడ వెళ్ళింది. ఆయన కౌంటరు ముందుకొచ్చారు.

"ఎక్కడికి వెళ్ళాలండీ?" అని అడిగింది అమ్మాయి. అందరినీ అడిగినట్టే అడిగింది.

ఆయన కౌంటరు బల్లనే చూస్తూ అడిగారు:

"కంటి ఆసుపత్రికి ఏ రైలు?"

వానాకాలం తర్వాత అదే మొదటి మాట.

నాకు ఏడుపూ ధైర్యమూ ఒక్కసారే వచ్చాయి. "ఏం కాదండీ," అన్నాను. ఏం కాదనడం నాకు అలవాటు లేదు, నోరు తిరగలేదు. "ఒక కంటితో ఎంతమంది బతకట్లేదు! ఎడమదానికి మందేయిస్తే..."

"ఎడమది కాదే." ఆయన నా మాటకి అడ్డొచ్చారు. "అది పోయి చాలా కాలమైంది. చూపించుకున్నాను కూడా. ఇక రాదన్నారు."

"మరి?"

"కుడిది మొదలైంది."

జరగని చెడంతా ఊహించుకుంటూ బతికినదాన్ని. లిఫ్టు తీగలు, లారీలు, గ్యాసు వాసనలు. ఇది మాత్రం నా ఊహకి అందలేదు. నా భయం ఎప్పుడూ నిజం కంటే పెద్దదని నవ్వేవాళ్ళు. ఇవాళ నిజమే పెద్దది.

ఆయన ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఏడవడానికి టైము లేదు.

"ఏ రైలో చెప్పవే," అన్నాను అమ్మాయితో. "ఇప్పుడే వెళ్తాం. ఇవాళే చూపిస్తాం. వాళ్ళు పొమ్మంటే ఇంకో ఆసుపత్రి. ఈ కుడిది మాత్రం పోనివ్వను."

అమ్మాయి పక్క కౌంటరు పిల్లతో ఏదో అంది. ఆ పిల్ల వద్దన్నట్టు తల ఊపింది, లోపలి ఆఫీసరు గదివైపు భయంగా చూసింది. మా అమ్మాయి వినలేదు. నారింజ కోటు బొత్తాలు విప్పుతోంది. పై నుంచి కిందికి, ఒక్కొక్కటే. కోటు మడిచి కౌంటరు మీద పెట్టింది.

"రైలు ఆసుపత్రి గుమ్మం దాకా పోదు నాన్నా," అంది.

నాన్నా అంది. నేరుగా.

ఆయన తలెత్తారు. మెడ మొత్తం తిప్పి, కూతుర్ని కుడి కంటికి ఎదురుగా తెచ్చుకుని చూశారు.

అమ్మాయి కౌంటరు దాటి వచ్చి నా ముందు చెయ్యి చాచింది.

"తాళం ఇలా ఇవ్వమ్మా."

బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి. బస్సులు, స్కూటర్లు, దాటేవాళ్ళు. ఆ ప్లాస్టరు అద్దం. రోడ్డెక్కని నా పిల్ల.

నా గుప్పిట బిగిసే ఉంది. దాన్ని నేనే విప్పాలి.